ముక్కు మీద చుక్క

ఆ రోజు ఆ ఇంట్లో ఉన్నది ఐదుగురం: చెవులూ ముక్కులూ కుట్టే ఆవిడ, మా నాయనమ్మ, అమ్మ, అక్క, నేను. ఇల్లు ఆవిడదే. ముందుగదిలో పని, వెనకగదుల్లో కాపురం. మాలో కుట్టించుకోవలసింది నేనొక్కదాన్నే. మిగతావాళ్లు నా తరఫున మాట్లాడటానికి వచ్చారు.

నాకు కావలసింది చెవి పైఅంచున చిన్న రింగు. ఇంట్లో మాత్రం "కుట్టించుకుంటానమ్మా" అని గొణిగి ఊరుకున్నాను. ఎక్కడ అని అమ్మ అడిగేలోపే నాయనమ్మ, "ముక్కేలే, ఇంకేముంటుంది" అని తేల్చేసింది. నేను తల ఊపాను. అనలేని మాటలన్నీ నోటుబుక్కులో రాసుకోవడం నాకలవాటు. బడిలో హాజరు పలికినా టీచరుకు వినపడక రెండుసార్లు గైర్హాజరు వేయించుకున్నదాన్ని, నాయనమ్మకేం ఎదురు చెబుతాను?

రక్తపరీక్షకు తెచ్చినట్టు అమ్మ నన్ను పరగడుపున తెచ్చింది. కుట్టే ఆవిడ తల పట్టుకుంది.

"ఖాళీ కడుపుతో కూర్చోబెడితే కళ్లు తిరిగి పడుతుందమ్మా. ముందు తిననివ్వండి."

రెండు అరటిపళ్లు తిన్నాను. ఈలోగా అమ్మ అనుమతి కాగితం మీద సంతకం పెట్టింది. నాయనమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. నొప్పి ఎంతసేపు? తుమ్మొస్తే ఏం చేయాలి? పక్కకు తిరిగి పడుకోవచ్చా?

"కుట్టేది మీకా, పిల్లకా?" అంది ఆవిడ నవ్వుతూ.

"ఎవరికైతేనేం, తెలుసుకోవద్దూ!"

ఆవిడ చేతులు కడుక్కుని, తొడుగులు వేసుకుని, నా ముక్కు తుడిచి పెన్నుతో చుక్క పెట్టింది. నాయనమ్మ కాస్త పైకంది. అమ్మ కాస్త కిందికంది. అక్క అడ్డంగా తల ఊపింది. నాలుగో చుక్కకు ఆవిడ అందరినీ గోడవైపు జరిపి నా చేతికి అద్దమిచ్చింది.

"ఇక్కడేనా?"

తల ఊపాను.

"తల లెక్కలోకి రాదు. నోటితో చెప్పాలి. నువ్వు చెప్పకపోతే నేను సూది ముట్టుకోను."

అద్దంలో ముక్కు కనిపించింది. జీవితాంతం అది నా ముఖం మీదే ఉంటుంది, నాయనమ్మ ముఖం మీద కాదు.

"ముక్కు కాదండీ," అన్నాను. "చెవి. ఇదిగో, ఇక్కడ."

గొంతు ఎంత గట్టిగా వచ్చిందంటే, పలికింది అక్కే అనుకుని అమ్మ అటు తిరిగింది.

"ఏమే! ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నావే?" అంది నాయనమ్మ.

"ముక్కేలే అని నువ్వే అంటివిగా," అంది అక్క.

ఆవిడ నా ముక్కు మీది చుక్క చెరిపి, చెవి తుడిచి మళ్లీ చుక్క పెట్టింది. నా కళ్లముందే కొత్త సూది పొట్లం చించింది. గాలి పీల్చి మెల్లగా వదలమంది. చీమ కుట్టినట్టుంటుందని అక్క చెప్పింది. కుడితే కుట్టింది గానీ, అది బాగా తిని బలిసిన చీమ. తర్వాత చెవంతా వేడెక్కింది. రోజుకు రెండుసార్లు ఉప్పునీళ్లతో కడగాలట. వేళ్లతో తిప్పకూడదట. మానడానికి నెలలు పడుతుందట.

నేను దిగాను. కుర్చీ ఖాళీ అయింది. నాయనమ్మ దాని చేతిమీద వేలు రాస్తూ నిలబడింది.

"ఈ వయసులో ముక్కు ఒప్పుకుంటుందంటావా?" అని అడిగింది. అచ్చం నా గొంతంత చిన్న గొంతు.

"ఎవరి ముక్కు అత్తయ్యా?" అంది అమ్మ.

"నాదే. పెళ్లికి ముందు నుంచీ అనుకుంటున్నా. అడగడానికి నోరు రాలేదు."

ఎవరూ నవ్వలేదు. కుట్టే ఆవిడ షుగరుందా, రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగింది.

"ఏ జబ్బూ లేదండీ. నోరొక్కటే ఉంది," అంది అక్క.

నాయనమ్మ అక్కనూ అమ్మనూ వరండాలోకి తరిమింది. నేను గుమ్మంలోనే ఆగాను.

"నేనుంటా నాయనమ్మా. చెయ్యి పట్టుకుంటా."

"నువ్వసలే వద్దు తల్లీ. నేను అరిస్తే ఆ నోటుబుక్కులో రాసేస్తావు," అని నా ముఖం మీదే తలుపు వేసేసింది.