మొదటి కోత

మార్కెట్ గేటు దగ్గర ఆరోగ్య అధికారి బూటుకాలితో గంపను తన్నాడు. పాలకూర కట్టలు బురదలో పడ్డాయి. "ఇందులో సీసం ఉందని తేలింది! జనాన్ని చంపుతారా?" అని అరిచాడు. అరుస్తూనే పక్కకు జరిగి, పాత బ్యాటరీల చెత్తతో డంపు యార్డుకు పోతున్న కాంట్రాక్టర్ లారీకి దారిచ్చాడు.

ఆ కూర అమ్మే గంపల అక్క కొంగు నడుముకు బిగించింది. "ఏం సారూ, మా గంప కనిపించిన కళ్ళకు అంత లారీ కనిపించలేదా?" కానిస్టేబుల్ ఆమెను గేటు బయటికి నెట్టేశాడు.

పెద్దమడి మాత్రం ముందుకు రాలేదు. డంపు గోడ పక్కన ఆకుకూరలు పండించే నలభై కుటుంబాల్లో అందరికంటే పెద్ద మడి అతనిదే, అందుకే ఆ పేరు. ఏ గొడవైనా ముందుండే మనిషి ఆరోజు నలిగిన ఆకులను చూస్తూ నిలబడిపోయాడు.

సాయంత్రం పంపు షెడ్డులో అందరూ చేరారు.

"రేపు ఊరేగింపుగా పోదాం. మా కూర మంచిదేనని ఆ అధికారి గుమ్మం ముందు అరుద్దాం. అమ్మకం ఆగితే పొయ్యిలో పిల్లి లేవదు," అన్నాడు మోటారు నడిపే కుర్రాడు. అందరూ సరేనన్నారు.

"నేను రాను," అన్నాడు పెద్దమడి.

"అదేంటి తమ్ముడూ, మీసం ఇంట్లో మర్చిపోయి వచ్చావా?" అంది గంపల అక్క. నలుగురూ నవ్వారు.

"మన కూర మంచిది కాదక్కా."

నవ్వు ఆగిపోయింది.

"మూడేళ్ళ కిందట యార్డు సూపర్‌వైజరు ఏమన్నాడు? డంపులో ఈ నల్లమట్టి మళ్ళకు బంగారం, ఊరికే పట్టుకుపోండి అన్నాడు. వాడి చెత్త వదిలింది. మొదటి తట్ట ఎత్తింది నేనే. నా మడిలో కూర మోకాలెత్తు పెరిగితే, అది చూసి మీరంతా మోశారు. అమ్మే కూర ఊరంతా తలా కాస్త తిన్నది. లేతగా వచ్చే మొదటి కోత మాత్రం ఎప్పుడూ అమ్మలేదు కదా మనం? మన పిల్లలకని దాచుకున్నాం. నా కూతురికి నా చేత్తోనే ముద్దలు కలిపి పెట్టాను."

ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు. ఎక్కాలన్నీ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేది. ఇప్పుడు వీధి మొదట్లో నిలబడి తమ ఇల్లు ఏదని అడుగుతోంది. నిన్న డాక్టరు రక్తపరీక్ష చూసి, ఒంట్లో సీసాన్ని కొంత తీయగలమన్నాడు. పోయిన తెలివిని తేలేమన్నాడు.

"రేపు మంచిదేనని అరిస్తే, ఇంకో తండ్రి నమ్మి కొనుక్కుపోతాడు. వాడి పిల్ల కూడా..."

"మరి ఏం తిని బతకమంటావు?" కుర్రాడు కసురుకున్నాడు.

గంపల అక్క కుర్రాడి భుజం పట్టి ఆపింది. "మా చిన్నోడు అక్షరాలు మర్చిపోతున్నాడు. మొద్దు వెధవా అని రోజూ కొడుతున్నాను." తన అరచేతిని చూసుకుంటూ అలాగే కూర్చుండిపోయింది.

అప్పుడు ఒక్కొక్కరే చెప్పుకోసాగారు. ఒకరి బిడ్డకు కడుపునొప్పి, ఇంకొకరి బిడ్డకు మూర్ఛ. ఎవరింట్లో వాళ్ళు తమ తలరాత అనుకుని దాచుకున్నదంతా ఒకటే జబ్బని ఆ షెడ్డులో తేలింది. లారీలు ఆగాలి, విషపు మట్టిని పోసినవాడే ఎత్తాలి, ప్రతి బిడ్డకూ వైద్యం చేయించాలి, నేల బాగయ్యేదాకా మాకు తిండి పెట్టాలి. ఇవి అడుగుదామన్నారు. కూర మంచిదన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

తెల్లవారగానే ఎవరి మళ్ళలో కూర వాళ్ళే పీకేశారు. కళ్ళల్లో పెట్టుకుని పెంచిన పంట అది. ఏడుస్తూనే పీకారు. యార్డు గేటుకు అడ్డంగా కుప్ప పోసి, లారీ ముందు కూర్చున్నారు.

"మట్టి మోసుకుపోయింది మీరేగా, మాకేం సంబంధం?" అన్నాడు సూపర్‌వైజరు.

"మోసింది మేమే. విషమని దాచి బంగారమని చెప్పిందెవడురా?" అంది గంపల అక్క.

పోలీసులు ముందుగా పెద్దమడిని ఈడ్చుకెళ్ళి వ్యానులో పడేశారు. ఇనుప వల కిటికీలోంచి చూశాడు. అతను లేచిన చోట, లారీ చక్రం ముందు, అతని భార్య కూతురితో వచ్చి కూర్చుంది.

"అమ్మా, నాన్న ఎక్కడ?"

"పోలీసులు పట్టుకున్నారమ్మా, విషం పోయొద్దన్నందుకు."

కాసేపటికి పిల్ల మళ్ళీ అడిగింది. తల్లి మళ్ళీ చెప్పింది. మూడోసారి తల్లి కొంగుతో ముఖం కప్పుకుంది, గంపల అక్క చెప్పింది. నాలుగోసారి అందరూ కలిసి చెప్పారు, యార్డు గోడ మారుమోగేలా.

పిల్ల అడుగుతూనే ఉంది. వాళ్ళు చెబుతూనే ఉన్నారు. లారీ కదల్లేదు.