విల్ఫ్ బిగించిన తీగలు

రోలండ్ గాసెట్ నలుగురిలో తల దించుకునే రోజు రావాలని మ్యురియల్ ప్రాసర్ రెండేళ్లుగా కోరుకుంటోంది. చర్చిలో మోకరిల్లినప్పుడు కూడా అదే కోరింది. అందుకు ఆమెకు రవ్వంత సిగ్గు లేదు, ఉండాల్సిన పనీ లేదు.

ఆమె భర్త విల్ఫ్ ఏడు శీతాకాలాలు షెడ్డులో కిరసనాయిలు పొయ్యి పక్కన కూర్చుని, తన ఆకుపచ్చ కారులో కుళ్లిన తీగలన్నీ పీకేసి, పాత పద్ధతిలోనే గుడ్డ చుట్టిన కొత్త తీగలు బిగించాడు. కారు పంతొమ్మిది వందల యాభై మూడులో తయారైంది. తీగలు మారినా దాని బుద్ధి మారలేదు. ఎడమకు తిరిగితే హారన్ దానంతటదే మోగేది. వాన ముదిరితే వైపర్లు అలిగి ఆగిపోయేవి. డాష్‌బోర్డు గడియారం కింద వేలి కణుపుతో రెండుసార్లు కొడితే మళ్లీ కదిలేవి. ఆ చోటు మొగుడూ పెళ్లాలిద్దరికే తెలుసు. "కొత్త కార్లు చెప్పిన మాట వింటాయి. దీంతో కాపురం చెయ్యాలి" అనేవాడు విల్ఫ్.

అతను చనిపోయిన వారానికే పాత కార్ల క్లబ్బు ప్రెసిడెంటు రోలండ్ కేకు పట్టుకుని వచ్చాడు.

"మీ షెడ్డు ఒకటే చెమ్మ, మ్యురియల్. కారు తుప్పు పట్టిపోతుంది. నా దగ్గర ఉంచుతాను. విల్ఫ్ పేరు మీదే ప్రదర్శనకు పెడతాను."

ఏడ్చి ఏడ్చి ఉన్న మనిషి, తాళాలు ఇచ్చేసింది. మరుసటి వేసవి ప్రదర్శనలో చూస్తే కారు ముందు ఇత్తడి పలక: "తీగలతో సహా బాగుచేసినది ఆర్. గాసెట్." ఏడు శీతాకాలాలను ఆ పలక బిగించిన నాలుగు మరలతో కొట్టేశాడు. కారు తిరిగిమ్మని అడిగితే పదిమందిలో నవ్వాడు. "ఆ తీగల గోల నీకెందుకమ్మా? షాక్ కొట్టి చస్తావు."

ఈసారి ఆగస్టు సెలవు సోమవారం ప్రదర్శన రోజు, పొద్దుటి నుంచీ వాన. బహుమతి కప్పు ఇచ్చేముందు జడ్జి ఎదుట ప్రతి దీపం, హారన్, వైపర్లు వేసి చూపించడం అక్కడి ఆచారం. సగం పనిచెయ్యవు, జనం వచ్చేదే అందుకు. రోలండ్ గొప్ప కోసం పొద్దుటి నుంచీ దీపాలన్నీ వెలిగించి ఉంచాడు. జడ్జి క్లెమ్ యాప్ వచ్చేసరికి బ్యాటరీ చచ్చి, దీపాలు కొడిగట్టాయి.

క్లెమ్ తన వ్యాను దగ్గరికి తెచ్చి లావుపాటి కేబుళ్లు తీశాడు. "రోలండ్, దీంట్లో ఒంటికి కలిపింది ఏ కొస?"

ఆ మైదానంలో ఆ ప్రశ్న అడక్కుండా ఎవరూ కేబులు తగిలించరు. ఇప్పటి కార్లలో బ్యాటరీ మైనస్ కొసను కారు ఇనుప ఒంటికి కలుపుతారు. ఆ కాలపు కార్లలో ప్లస్సును కలిపేవారు. చాలామంది తర్వాత మార్పించుకున్నారు.

"మైనస్సే. నా చేత్తో నేను బిగించింది, నాకు తెలీదా?" అన్నాడు రోలండ్.

గొడుగు కింద టీ తాగుతున్న మ్యురియల్ గుండె ఎగిరి గంతేసింది. విల్ఫ్ మార్చలేదు. "ఈ ముసలిదాన్ని తలకిందులుగా నిలబెట్టను" అనేవాడు. రోలండ్ మాట నమ్మి తగిలిస్తే నిప్పురవ్వలు లేస్తాయి, కేబులు ఎర్రగా కాలి పక్కన గుడ్డ తీగలు అంటుకుంటాయి. దేవుడు ఇన్నాళ్లకు విన్నాడు.

క్లెమ్ ఎర్ర కేబులును ప్లస్ కొసకు పెట్టాడు. నల్లది అందుకుని కారు ఒంటి మీదికి వంగాడు.

కాలిపోనీ, అనుకుంది మ్యురియల్. అంతలో ఎత్తిన బానెట్ కింద నుంచి తడిసిన గుడ్డ, మైనం కలిసిన వాసన వచ్చింది. విల్ఫ్ చొక్కా చేతుల వాసన అది. ఇందులో రోలండ్‌ది కాలేది ఏముంది? కాలేదంతా తన మొగుడి కష్టం.

"క్లెమ్! ఆగు! ఒంటికి ఉన్నది ప్లస్సు. వంగి చూడు."

క్లెమ్ వేలితో తీగ వెంట వెళ్లి చూశాడు. నడుం నిటారుగా చేసుకుని రోలండ్ వైపు తిరిగాడు. "ఏమయ్యా ప్రెసిడెంటూ! కాపురం చేశానంటావు, పెళ్లాం పేరు తెలీదంటావు."

ముందు ఒకరు నవ్వారు. తర్వాత మైదానమంతా నవ్వింది.

"పొరపాటు... వయసు మీదపడింది..." అని గొణిగాడు రోలండ్.

"ఆ పలక ఊడదియ్యి" అంది మ్యురియల్. "తర్వాత తాళాలివ్వు."

బురదలో మోకాళ్ల మీద కూర్చుని నాలుగు మరలూ విప్పాడు. ఆమె ఒక్కొక్కటే లెక్కపెట్టింది.

క్లెమ్ కేబుళ్లు సరిగా తగిలించాడు, కారు దగ్గి లేచింది. ఇంటికి పదకొండు మైళ్లు. ఆ కారులోనే వచ్చిన రోలండ్‌ను తన బండి ఎక్కమన్నవాడు లేడు. మ్యురియల్ పక్క తలుపు తీసింది. "ఎక్కు. నీలాంటి మనిషిని కాను నేను."

క్షమించేసిందనుకున్నాడు పిచ్చివాడు.

మొదటి మలుపులో హారన్ మోగింది. మైలు దాటకుండానే వాన ముదిరి వైపర్లు ఆగిపోయాయి.

"ఇప్పుడెలా?" అన్నాడు రోలండ్.

"పాత తీగలు కదా. అద్దం దించి, తల బయటపెట్టి దారి చెప్పు."

అతను తల బయట పెట్టాడు. వాన మెడలోంచి చొక్కాలోకి దిగుతుంటే "ఎడమకు, ఎడమకు" అని అరిచాడు. మ్యురియల్ నత్తనడకన పోనిచ్చింది. గడియారం కింది ఆ చోటు ఆమె చేతికి జానెడు దూరంలో ఉంది. ఇంకా పది మైళ్లుంది. ఆమె కొట్టలేదు.