జాబు అడుగున రాసిన మాట

ఊళ్లో బడి చెప్పే ఆనందకుమారి టీచరు ఆ నవల ఇవ్వకపోయినా బాగుండేది! రాఘవమ్మ మొగుడు మాల్యాద్రి పటాలంలో ఉన్నాడు. ఆఫ్రికాలో ఏదో దేశం రెండుగా చీలి జనం కొట్టుకు చస్తుంటే, ఆపడానికని వాళ్ల పటాలాన్ని పంపారు. ఇక్కడ ఊళ్లో, బోగోలులో కూర్చున్న పెళ్లానికి ఆ యుద్ధం సంగతి ఏం తెలుస్తుంది? అలాంటి యుద్ధం గురించిన నవలే గదా, చదివితే కాస్త తెలుస్తుందని ఆశపడింది.

తెలిసింది. ఆ నవలలో మగవాళ్లంతా తలో పక్షాన చేరిపోయాక, నలుగురు ఆడవాళ్లు ఒకే ఇంట్లో దాక్కుంటారు. పొగ కనపడుతుందని పొయ్యి వెలిగించరు. పిల్ల దగ్గితే నోరు మూస్తారు. బయట బూట్ల చప్పుడు ఆగుతుంది. ఎవరో తలుపు తడతారు.

అక్కడే రాఘవమ్మ పుస్తకం మూసేసింది. ఇన్నాళ్లూ మొగుడికి తూటా తగలకూడదని మొక్కుకుంది. ఆ బూట్లు ఆయనవే అయితే? ఆ ఆలోచన వచ్చింది మొదలు ముద్ద దిగలేదు.

"ఏందమ్మే, కూడు తినకుండా ఆ బుక్కుతో ఏం పని నీకు? వాడికి జాబు రాయి. నా దగ్గు తగ్గిందని రాయి, గేదె ఈనిందని రాయి" అంది అత్త పెంచలమ్మ.

అన్నీ రాసింది. అడుగున, అత్తకు చదివి వినిపించకుండా, ఒక్క మాట చేర్చింది: "మీరు ఎప్పుడైనా ఆడోళ్లున్న ఇంటి తలుపు తట్టినారా?"

రెండు నెలలు జవాబు లేదు. పోస్టుమాను సైకిలు కనపడితే చాలు, వాకిట్లోకి పరిగెత్తేది. అడిగి తప్పు చేశానా, ఆయన మనసు విరిగిందా, లేకపోతే... అక్కడికొచ్చి ఆగిపోయేది.

చివరికి జాబు వచ్చింది. అత్త ఎదురుగా కూర్చుంది, పైకి చదవక తప్పలేదు.

"అమ్మ దగ్గు తగ్గినందుకు సంతోషం. దూడ జాగ్రత్త. రాఘవా, నేను ఎవరి తలుపూ తట్టలేదు. వాళ్లే వచ్చి మా క్యాంపు గేటు తట్టినారు. ఆడోళ్లు, చంకల్లో బిడ్డలు. తియ్యమని మాకు ఆర్డరు రాలేదు. పొద్దు గూకిందాకా తట్టినారు. తర్వాత తట్టలేదు."

రాఘవమ్మ జాబు మడిచి ఒళ్లో పెట్టుకుంది. పెంచలమ్మ కళ్లు ఒత్తుకుని రెండు చేతులూ పైకెత్తి దణ్ణం పెట్టింది.

"గేటు తియ్యలేదు గనక బతికినాడు నా బిడ్డ! పెంచలకోన సామీ, నువ్వుండావయ్యా!"

ఎంత మాటన్నావత్తా అని అరవబోయింది రాఘవమ్మ. కానీ, గేటు తియ్యలేదని చదవగానే, ఆ చంకల్లో బిడ్డలు గుర్తుకు రాకముందే, అమ్మయ్య అని ఊపిరి పీల్చుకుంది తనే.