పూజగదిలో ఏడు కళ్ళవాడు

పూజగదిలో నవ్వితే దేవుడికి కోపం వస్తుందా? పదకొండేళ్ళుగా ఆ ఇంటి కోడలికి ఇదే సందేహం. ఎవరినైనా అడుగుదామంటే, అసలు ఎందుకు నవ్వావని ఎదురు అడుగుతారు.

ఆ ఇంట్లో పూజగది తలుపు వేసి ఉంటే ఎవరూ పిలవరు. వంటగదిలో ఉంటే పిలుస్తారు. స్నానం చేస్తున్నా పిలుస్తారు. జ్వరమొచ్చి పడుకుంటే, "లేవద్దులే, పడుకునే చెప్పు, నా సాక్సెక్కడ?" అంటాడు భర్త. అందుకే రోజూ దీపం పెట్టి, పది నిమిషాలు మనసారా దణ్ణం పెట్టుకుని, మిగిలిన ఇరవై నిమిషాలూ స్తోత్రాల పుస్తకం అట్టలో దాచిన డిటెక్టివ్ నవల చదువుకుంటుంది.

ఆ డిటెక్టివ్ ఈ లోకంవాడు కాదు. చుక్కల అవతల ఊరు, ఏడు కళ్ళు. మన ఇళ్ళలో నేరాలు పరిశోధిస్తూ అన్నీ తప్పుగా అర్థం చేసుకుంటాడు. ఆ పొద్దున ఒక ఇల్లాలిని అనుమానించి ఇలా రాసుకున్నాడు: "ఈ ఇంటి మహారాణి ఈమే. ఏ వస్తువు ఎక్కడుందో ఈమెకే తెలుసు. ఈమె చెప్పనిదే మగవాడు చొక్కా తొడుక్కోలేడు. కానీ అందరికన్నా చివర తింటోంది. విషం ఉందేమో చూడ్డానికైతే ముందు తినాలి కదా! కేసు జటిలం."

ఆమె పగలబడి నవ్వింది. ఆపుకుందామన్నా ఆగలేదు.

తలుపు తోసుకుని అత్తగారు వచ్చారు. "దేవుడి ముందు ఏమిటే ఆ నవ్వు?" అంటూ పుస్తకం లాక్కుని, కళ్ళజోడు సర్దుకుని, నిలబడే చదివారు. అయిపోయింది, ఈ అరగంట కూడా పోయింది అనుకుంది ఆమె. ఇక తలుపేసుకునే చోటు ఇంట్లో లేదు.

"నలభై ఏళ్ళు నేనూ చివరే తిన్నాను" అన్నారు అత్తగారు మెల్లగా. "నన్నొక్కడూ అనుమానించలేదు."

పుస్తకం పట్టుకుని వెళ్ళిపోయారు.

మర్నాడు పూజగది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. లోపలినుంచి అత్తగారి నవ్వు, మధ్యలో దగ్గు, మళ్ళీ నవ్వు.

"అమ్మా, నా కళ్ళజోడేదీ?" అని కేకేశాడు భర్త.

"పూజలో ఉన్నారు. పిలవకండి."

"పూజలో నవ్వేమిటి? పోనీ నువ్వు వెతుకు."

"నా చేతులు ఖాళీ లేవు. మీకూ ఉన్నాయిగా కళ్ళు, రెండైనా!"

అతను గొణుక్కుంటూ వెతికాడు. పేపరు కింద దొరికింది.

ఆమెకు పాత సంగతి గుర్తొచ్చింది. పురిటి రోజుల్లో, గుక్కపట్టి ఏడుస్తున్న పాపని భుజానేసుకుని అత్తగారు అన్నారు: "ఓ అరగంట పడుకో. ఈ అరగంట నాకు బాకీ, మర్చిపోకు." తీర్చాలని ఎన్నిసార్లు చూసినా, ఆవిడ కూర్చుంటే కదా!

తలుపు తెరుచుకుంది. దీపం ఎప్పటిలాగే నిశ్చలంగా వెలుగుతోంది. దేవుడికి కోపం వచ్చినట్టేమీ లేదు.

"హంతకుడెవరో చెప్పకు. రేపు వంతు నీది" అన్నారు అత్తగారు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆమె గడియారం చూసింది. సరిగ్గా అరగంట.

"బాకీ తీరిందా అత్తయ్యా?"

"తీరిందే."