పైకప్పు తెరిచి ఉన్న మధ్యాహ్నం

ఇల్లులా వాడుకునే మా బండికి, మోటర్‌హోమ్‌కి, ముప్పై నాలుగేళ్లు. మా ఆయన ఆరిన్ ఉద్యోగం మానేశాక, నెబ్రాస్కా చలి పడలేక, ఏటా నవంబరులో అందులో అరిజోనా ఎడారికి వచ్చి మార్చిదాకా ఉంటాం. ఇంజను ఇప్పటికీ బాగానే ఉంది. రోగమంతా పైకప్పుదే. వాన పడితే చుక్కలు సరిగ్గా మా మంచం మీద పడతాయి. ఆరిన్ ఏటా పైకెక్కి, నీళ్లు దిగకుండా పూసే సీలెంటు పాతదాని మీదే కొత్తది పూసి దిగుతాడు. మళ్లీ కారుతుంది. నేను సాయం వస్తానంటే, "నీకెందుకు, పడతావు" అంటాడు. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో నాకు దక్కిన పని నిచ్చెన పట్టుకోవడం.

ఆ ఏడు డిసెంబరులో గ్లెండా వచ్చి మా పక్కన బండి ఆపింది. మనిషికి అరవై మూడు, ఒంటరి. ఒక ఆసుపత్రి లాండ్రీలో యంత్రాలు బాగుచేసే పని చేసి విరమించిందట. ఆమె బండి మాదానికంటే పాతది. వచ్చిన మూడో రోజే కుళ్లిన నేల పెకలించి, చెక్క ముక్కలు బయట కుప్ప పోసింది. ఆరిన్ చూడటానికని వెళ్లి మధ్యాహ్నం భోజనానికి వచ్చాడు. మర్నాడు భోజనానికీ రాలేదు.

"ఏమోయ్ ఆరిన్, ఆ పలక అటు కాదు, ఇటు తిప్పు," అని గ్లెండా గొంతు మా కిటికీలోంచి వినబడేది. ఆయన తిప్పేవాడు. నేను ఉప్పు డబ్బా ఇటివ్వమంటే రెండుసార్లు అడగాల్సిన మనిషి.

సాయంత్రం చేతులకి జిగురుతో, ఈల వేసుకుంటూ వచ్చేవాడు.

"మన పైకప్పు సంగతేంటి?" అనడిగాను ఒకరోజు.

"చేద్దాంలే. అక్కడ నేల అయిపోనీ."

"ఆవిడ నేల నీకెందుకంట?"

"పక్కవాళ్లన్నాక సాయం చెయ్యమా, వెర్నా?"

ఆ మాట న్యాయమే. అందుకే ఇంకా మండింది. అద్దంలో నన్ను నేను చూసుకుని, ఆమెకి నాకంటే ఎక్కువ ఏముందని లెక్క వేసుకునేదాన్ని. ముఖం నాకంటే ముడతలు పడింది. జుట్టు తనే కత్తిరించుకుంటుంది. అందంతో పోటీ అయితే ఎలాగో తట్టుకునేదాన్ని.

జనవరిలో ఆమె కొత్త నేల వేయడం పూర్తయింది. ఇక పైకప్పులో గాలి ఆడటానికి ఉండే మూత ఒక్కటే మిగిలింది. దాన్ని తీస్తుంటే చట్రం విరిగింది. కొత్తది కొనడానికి ఇద్దరూ, మోటర్‌హోమ్ వెనక కట్టి తెచ్చుకునే మా కారులో, యూమా పట్నం వెళ్లారు. నన్ను రమ్మని గ్లెండా పిలిచింది. తలనొప్పని చెప్పాను. ఆరిన్ పక్క సీటులో ఆమె ఎక్కుతుంటే వెనక సీటులో కూర్చునే ఓపిక నాకు లేదు.

రంధ్రం మీద టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టి వెళ్లింది. వాళ్లు వెళ్లిన గంటకి గాలి లేచింది. పడమటి కొండల మీద మబ్బు నల్లబడింది. నేను లేచి తీగ మీద బట్టలు తీసి, మడతపెట్టి లోపల పెట్టాను. మళ్లీ బయటికి వచ్చేసరికి గ్లెండా టార్పాలిన్ ఒక మూల తాడు తెంచుకుని కొట్టుకుంటోంది. నిచ్చెన బండికే ఆనించి ఉంది. పైకెక్కి నాలుగు రాళ్లు పెడితే సరిపోయేది. నిచ్చెనదాకా వెళ్లాను కూడా. మొదటి మెట్టు మీద చెయ్యి వేసి, తీసేశాను.

లోపలికి వెళ్లి కిటికీ దగ్గర కూర్చున్నాను. వాన ఇరవై నిమిషాలు కురిసింది. టార్పాలిన్ ఎగిరి ముళ్లపొదలో పడింది. నేను చూస్తూనే ఉన్నాను. నిజం చెప్పాలంటే, మొదటి ఐదు నిమిషాలు హాయిగా ఉంది.

వాళ్లు తిరిగొచ్చేసరికి గ్లెండా బండిలో నేలంతా నీళ్లు. కొత్త పలకలు తడిసి అంచులు ఉబ్బుతున్నాయి.

"నువ్విక్కడే ఉన్నావు కదా, చూడలేదా?" అన్నాడు ఆరిన్.

"నిద్రపోయాను."

గ్లెండా ఖాళీ తీగ వైపు ఒకసారి చూసి, తువ్వాలు అడిగింది. మడతపెట్టిన బట్టల్లోంచి పొడి తువ్వాలు తీసిచ్చాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. ఆమె మోకాళ్ల మీద కూర్చుని మేకులు పీకుతోంది.

"నేను నిద్రపోలేదు," అన్నాను.

"తెలుసు. నీ బట్టలు తడవలేదు." తల ఎత్తకుండానే అంది. "నీ మొగుడి మీద నాకు కన్నుందనుకున్నావా?"

"ఆయనకి నీ మీద ఉందనుకున్నాను."

పట్టుకారు కింద పెట్టింది. "వెర్నా, ఆయన ఇక్కడికొచ్చేది నేలకి సాయం చేసి, బదులుగా పైకప్పు పని నేర్చుకోడానికి. పాతదంతా గీకి తీయకుండా పైన పూస్తే నిలవదని ఆయనకి తెలీదు. నీతో చెప్పొద్దని బతిమాలాడు."

అది విని నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆయన పరాయి ఆడదాని ముందు తనకు తెలియదని ఒప్పుకున్నాడు, నా ముందు ఒప్పుకోలేదు. ముందటి అసూయ దీని ముందు ఎంతో తేలిక.

"క్షమించమని అడగనా?" అన్నాను.

"అడుగు. తర్వాత ఆ గడ్డపలుగు అందుకో. తడిసినవన్నీ లేపాలి. నాకు కోపం పోడానికి టైమ్ పడుతుంది, ఈలోగా పని ఆగకూడదు."

నాలుగు రోజులు చేశాను. గోళ్లు విరిగాయి. రెండో రోజు ఆరిన్ గుమ్మంలోంచి తొంగిచూస్తే, గ్లెండా, "ఇక్కడ చోటు లేదు, పో" అంది. ఆ సాయంత్రం, వానప్పుడు నిద్రపోలేదని నేనే ఆయనకి చెప్పాను. ఆ రాత్రి అటు తిరిగి పడుకున్నాడు. పొద్దున కాఫీ కలిపి నా ముందు పెట్టాడు.

"పైకప్పు పని తెలీదని ఆవిడకి చెప్పావు. నాకెందుకు చెప్పలేదు?" అనడిగాను.

"నవ్వుతావని."

"ఎప్పుడైనా నవ్వానా?"

"లేదు. నువ్వు నన్ను నమ్ముతూ వచ్చావు. ఆ నమ్మకం పోతుందనే భయం."

ఫిబ్రవరిలో మా పైకప్పు ఇద్దరం కలిసి గీకాం. పదహారు పొరలు లేచాయి. కింద చెక్క రెండు చోట్ల మెత్తబడితే కోసి కొత్తది వేశాం. అప్పటికి గ్లెండా న్యూమెక్సికో వెళ్లిపోయింది. వెళ్లేటప్పుడు నాకు చెయ్యి కలిపింది కానీ కౌగిలించుకోలేదు. తప్పు పట్టను.

ఇప్పుడు మంచం మీద చుక్క పడదు. కాని ఆరిన్ ఏదైనా పని మొదలుపెడుతూ, "దీనికి గ్లెండా అయితే ఏమంటుందంటే," అన్నప్పుడల్లా నాకు ఇప్పటికీ చురుక్కుమంటుంది.