మూత మీది చీటీ

పాంటు కాలిని తిరగేసి, పాత కుట్టును చిన్న కత్తెర మొనతో పోగు తర్వాత పోగు తెంపుతోంది టైలరమ్మ. ఒకటిన్నర అంగుళం తగ్గించాలి. నోట్లో మూడు గుండుసూదులున్నాయి. అవి నోట్లో ఉన్నంతసేపూ ఎవరూ తనని పలకరించరు. అందుకే ఈ మధ్య అవసరం లేకపోయినా పెట్టుకుంటోంది.

బట్టల కొట్టు వెనక గది. రెండు మిషన్లు, ఒక ఇస్త్రీ బల్ల, తలుపంత అద్దం. ఇరవై ఆరేళ్ళుగా ఆమె కొనుక్కున్నవాళ్ళ బట్టల్ని వాళ్ళ ఒంటికి సరిపెడుతూ వచ్చింది. కొన్ని వేల మంది నడుములు, భుజాలు ఆమె టేపుకి తెలుసు. ఆమెని మాత్రం ఎదురుపడితే గుర్తుపట్టేవాళ్ళు పదిమంది ఉండరు.

ముందుకు వంగినప్పుడల్లా ఎడమవైపు కొంచెం జారుతుంది. లోపలి బాడీలో ఆ వైపు మెత్తటి గుడ్డపేలికలు కూరి తనే కుట్టుకుంది. బరువు చాలక భుజం ఎగదన్నుతోందని, తెరల అంచుల్లో వేసే సీసపు బిళ్ళలు రెండు అందులో పెట్టింది. మూడేళ్ళలో నాలుగు చేసింది అలాంటివి. బిళ్ళలు మారలేదు, గుడ్డలే మారాయి.

"మధ్యాహ్నం వెళ్ళాలి మాస్టారూ," అంది సూదులు తీసి.

కటింగు మాస్టారు సుద్దముక్క చెవి మీద పెట్టుకున్నాడు. "మళ్ళీ కోర్టేనా? జబ్బు లేదని తేలింది కదమ్మా. బతికిపోయానని సంతోషించి ఊరుకోకూడదూ?"

"మీ కుడిచెయ్యి తీసేసి, అబ్బే, చేతికేం రోగం లేదండీ అంటే సంతోషిస్తారా?"

మాస్టారు తన చేతిని ఒకసారి చూసుకున్నాడు. "వెళ్దువుగానీలే. ఆ రెండు పాంట్లూ అయ్యాక వెళ్ళు."

మూడేళ్ళ క్రితం ఒకేరోజు, ఒకే ఆసుపత్రిలో, ఇద్దరాడవాళ్ళ రొమ్ము గడ్డల నుంచి ముక్కలు తీశారు. ఒకరు ఈమె. రెండోది బస్సు కండక్టరు. ఈమెకి క్యాన్సరన్నారు, పదిరోజులు తిరక్కుండా ఎడమ రొమ్ము తీసేశారు. కండక్టరుకి కొవ్వు గడ్డ, భయం లేదన్నారు. ఆవిడ మర్నాడే డ్యూటీకి వెళ్ళింది. ఏడాదికి వెన్నునొప్పితో మంచాన పడితే, క్యాన్సరు వెన్నుదాకా పాకిందని తేలి, పాత ముక్కలు బయటికి తీసి చూశారు. అప్పుడు బయటపడింది. రెండు ముక్కలూ తారుమారయ్యాయి.

ఆసుపత్రి వసారాలో మొదటిసారి కలిసినప్పుడు కండక్టరక్క ఈమెని ఎగాదిగా చూసి, "నా టికెట్టు నీకు కొట్టారు చెల్లీ, నీ టికెట్టు నాకు," అంది. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. తర్వాత గోడకానుకుని ఇద్దరూ ఏడ్చారు. అప్పట్నుంచీ కేసు ఒకటే, లాయరమ్మ ఒకతే, కడుపుమంటా ఒకటే.

ఆసుపత్రి వాళ్ళు ప్రతి కాగితంలోనూ ఒకే ముక్క రాశారు. 'సాంకేతిక లోపం.' రెండు రిపోర్టుల మీదా సంతకం చేసిన ల్యాబు పెద్ద డాక్టరు ఏ వాయిదాకీ రాలేదు. ఇవాళ రాక తప్పదు. పోయిన ఆదివారం కండక్టరక్క మంచం మీంచి ఈమె చెయ్యి పట్టుకుంది. "లోపమట, లోపం. దానికి కాళ్ళున్నాయా, చేతులున్నాయా? వాడి నోటితో అనిపించు చెల్లీ, నావల్లే అని. ఒక్క మాట పోకుండా తెచ్చి నాకు చెప్పు. నా స్టేజీ దగ్గర పడుతోంది, తొందరగా రా."

మొదటి పాంటు అయింది. పేరూ కొలతా రాసిన చీటీని మళ్ళీ నడుంపట్టీకి రెండు టాకాలు వేసి కుట్టింది. చీటీ ఎప్పుడూ బట్టకే ఉండాలి, సంచికి కాదు. పనిలో చేరిన కొత్తలో ఆమె చీటీలు సంచులకి గుచ్చింది. బల్ల మీద రెండు సంచులూ ఒకేసారి విప్పి, ఆరడుగుల మనిషి పాంటుని పొట్టివాడి కొలతకి కత్తిరించింది. ఆ రోజు మాస్టారు తిట్టిన తిట్లు గుర్తొచ్చి ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

దారం కొరుకుతూ ఆగిపోయింది.

లాయరమ్మ ఇచ్చిన కాగితాల్లో ల్యాబు ఫొటో ఒకటుంది. ట్రేలో చిన్నచిన్న సీసాలు వరసగా ఉన్నాయి. పైనుంచి తీసిన ఫొటో. అయినా పేర్లన్నీ చదవడానికి వస్తున్నాయి. పైనుంచి చూస్తే పేర్లెలా కనిపిస్తాయి?

రెండో పాంటు ఎలా కుట్టిందో ఆమెకే తెలీదు.

కోర్టు హాల్లో ఫ్యాన్లు గరగరలాడుతున్నాయి. బల్లల మీది పాలిషు మొత్తం జనం గోళ్ళతో గీకి గీకి పోయింది. డాక్టరుకి యాభై దాటి ఉంటాయి. బూడిదరంగు కోటు. ఎడమ చేతి అంచున లోపలి గుడ్డ దారం ఒకటి ఊడి వేలాడుతోంది. లాగితే అంచంతా వచ్చేస్తుంది. ముక్కూముఖం తెలియని వాళ్ళకైనా చెప్పకుండా ఉండలేదు ఆమె. ఇవాళ చెప్పలేదు. చూస్తూ కూర్చుంది, హాయిగా.

మొదటి గంటంతా డాక్టరు నీళ్ళు నమిలాడు. పని ఒత్తిడి, సిబ్బంది కొరత, సాంకేతిక లోపం. అవతలి లాయరైతే ఈమె వైపు తిరిగి, "ఈవిడ ఆరోగ్యంగానే ఉన్నారు కదా," అన్నాడు.

మధ్యలో కాసేపు ఆపారు. వరండాలో కిటికీ దగ్గర నిలబడి లాయరమ్మకి ఫొటో చూపించి, సంచుల సంగతంతా చెప్పింది. లాయరమ్మ ఫొటోని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, "ఇన్నాళ్ళూ నేనేం చూశానమ్మా దీన్ని," అంది. కాగితాలు తెచ్చుకోవడానికి లోపలికి పరిగెత్తింది.

అప్పుడొచ్చాడు డాక్టరు, ఒంటరిగా.

"అమ్మా, మీతో ఒక్క మాట. నాకు నిద్రపట్టి చాలాకాలమైంది. నన్ను క్షమించాలి."

ఇలాంటిదొకటి వినాలని రెండేళ్ళు కాళ్ళరిగేలా తిరిగింది. ఇప్పుడు వింటుంటే ఒళ్ళు మండింది. దొంగచాటుగా చేతిలో లంచం కుక్కినట్టుంది.

"ఇక్కడ కాదు," అంది. "లోపల రాసుకునేవాళ్ళున్నారు. వాళ్ళ ముందు అనండి."

"అది... నా ఉద్యోగం పోతుందమ్మా."

"పోనివ్వండి. నాదీ పోయింది ఒకటి. అక్కకైతే అసలేం మిగల్లేదు."

గడియారం రెండున్నర కొట్టింది.

లోపల లాయరమ్మ డాక్టరుకి ఫొటో అందించింది. "పేరు చీటీ సీసాకి అంటిస్తారా, మూతకా?"

"...మూతకి."

"రెండు సీసాల మూతలు ఒకేసారి తీస్తారా?"

"పని తొందరలో తీస్తుంటారు."

"మూతకి అంటించమని చెప్పిందెవరు?"

అవతలి లాయరు లేచాడు. జడ్జి చెయ్యెత్తి కూర్చోబెట్టాడు. డాక్టరు ఈమె వైపు చూశాడు. ఈమె చూపు మరల్చలేదు. కనికరం చూపించడానికి కూడా మరల్చలేదు.

"నేనే. సీసాకైతే మందునీళ్ళు తగిలి ఊడిపోతున్నాయని మూతకి పెట్టమన్నాను. మారిపోతాయండీ అని ల్యాబులో అమ్మాయి ముందే చెప్పింది. నేను పట్టించుకోలేదు. ఇది నావల్లే జరిగింది."

"రాసినదోసారి చదివించండి," అంది టైలరమ్మ, లాయరమ్మ చెయ్యి గిల్లుతూ. చదివారు. పెదవులు కదుపుతూ, అక్షరం పోకుండా బట్టీ పట్టింది.

బస్సులో నిలబడే వచ్చింది. 'నేనే. సీసాకైతే మందునీళ్ళు తగిలి...' పక్కనున్న మనిషి అదోలా చూసి జరిగి నిలబడ్డాడు. ఆమెకి నవ్వొచ్చింది. అక్కకి ఇది కూడా చెప్పాలి.

మూడో అంతస్తులో అక్కావాళ్ళింటి తలుపు బార్లా తెరిచి ఉంది. గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు మాటలు ఆపి దారిచ్చారు. మంచం పక్కన బావగారు కూర్చుని ఉన్నాడు. దుప్పటి గడ్డం దాకా కప్పి ఉంది.

"రెండున్నరకి," అన్నాడు.

ఆమె నిలబడిపోయింది. బట్టీ పట్టిన మాటలు ఇంకా నాలిక మీదే ఉన్నాయి.

"వచ్చాడా వాడు? ఏమన్నాడమ్మా?"

చెప్పింది. అక్షరం పోలేదు.

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పింది. మూడోసారి ఆయన అడగలేదు. ఆమే మంచం వైపు తిరిగి, గొంతు పెంచి చెప్పింది, కదిలే బస్సులో వెనక సీటు దాకా వినబడాలన్నట్టు. గుండెల్లో మంట ఇంతయినా చల్లారలేదు.

"ఇంక మానేస్తావా?" అన్నాడు బావగారు.

"ఇరవయ్యో తారీకు వాయిదా ఉంది. ఆ డాక్టరు ఇంకెవరి సీసా ముట్టుకోకుండా చేసేదాకా వస్తాను. మీరూ రండి."

ఆయన తలూపాడు. "నాలుగు రోజులైంది గొంతు పడిపోయి. నన్ను పిలవాలంటే ఇదే ఊదేది. పొద్దుట్నుంచీ మెట్ల మీద చప్పుడైతే చాలు, నువ్వేననుకుని ఆఖరిదాకా ఊదుతూనే ఉంది."

దిండు మీద, చెంపకి దగ్గరగా, డ్యూటీ విజిలు పడి ఉంది. నోట్లో పెట్టుకునే చోట పూత పోయి, ఇన్నేళ్ళ పళ్ళగాట్లు తెల్లగా మెరుస్తున్నాయి.