రెండు వేళ్ల దూరం

పొద్దున ఏడింటికి యుసేబియో టరాంగో, బడి వరండాలో మోకాళ్ల మీద కూర్చుని గొలుసు కొలుస్తున్నాడు. ఒక చివరి కర్రను గడపకు ఆనించి, రెండో చివరి దాకా టేపు పరిచి, కళ్లజోడు సవరించుకుని అంకె చూశాడు. పదిహేను గజాలు. పోయిన వారమూ అంతే, పోయిన ఏడాదీ అంతే. అయినా ఫుట్‌బాల్ ఆట ఉన్న రోజు అది కొలవందే అతనికి కాఫీ గొంతు దిగదు.

"ఇనుముకేమైనా ఒళ్లొస్తుందా, ఊరికే కొలతలు తీస్తావు?" అంది భార్య ఒఫీలియా, చిక్కుళ్లు ఉడికించిన పెద్ద గిన్నెను నడుముకు ఆనించుకుని వంటగదిలోకి పోతూ. మధ్యాహ్నం ఆటకొచ్చే జనానికి వాటిని రొట్టెల్లో పెట్టి బురితోలు చుట్టాలి.

"నీకొచ్చిందిగా. దానికీ వస్తుందేమోనని."

"ఇవాళ నీకు బురితో లేదు" అని ఆమె వెళ్లిపోయింది.

డ్రైఫోర్క్ ఊళ్లో హైస్కూలు పిల్లలు నలభై ఒక్కరు. పదకొండు మందిని కూడగట్టలేరు కనుక ఆ చుట్టుపక్కల ఊళ్లన్నిటిలాగే వీళ్లదీ ఆరుగురి ఫుట్‌బాల్, బంతిని చేతబట్టి పరుగెత్తే అమెరికా రకం. శుక్రవారం సాయంత్రం జరగాల్సిన ఆట, గాలివానకు దీపస్తంభం ఒరగడంతో శనివారం మధ్యాహ్నానికి మారింది. అదే రోజు ఐదున్నరకు జిమ్ హాల్లో అమ్మాయిల బాస్కెట్‌బాల్ తొలి ఆట. ముగిసే సీజనూ మొదలయ్యే సీజనూ ఒకే గుమ్మంలో గుద్దుకున్నాయి. రెండిటికీ నేల సిద్ధం చేసేది యుసేబియో ఒక్కడే.

పొట్టి మనిషి. అరవై ఆరేళ్లు. వెడల్పాటి మణికట్లు, ఎండకు గీతలు పడ్డ మెడ. పద్నాలుగో ఏట తండ్రి వెంట పత్తి తీతకు ఈ ఊరొచ్చాడు. బడి మైదానం కంచెకు అవతల పత్తిచాళ్లలో వంగి ఉండగా ఇవతల జనం ఒక్కసారిగా లేచి అరవడం విని మొదటిసారి తలెత్తాడు. ఒక కుర్రాడు బంతిని చంకలో ఇరికించుకుని గీత వెంట పరుగెడుతున్నాడు. వాడెందుకు పరుగెడుతున్నాడో తెలియకుండానే యుసేబియో కూడా చాలు వెంట నాలుగడుగులు పరుగెత్తాడు. తండ్రి నెత్తిన మొట్టాడు. ఆ బళ్లో అతను ఒక్కరోజూ చదవలేదు. ముప్పై ఐదో ఏట ఊడ్చే పనికి చేరాడు. మైదానంలో సున్నపు గీతలు గీస్తూ గీస్తూ ఆట నేర్చుకున్నాడు.

పదింటికి గీతలు పూర్తయ్యాయి. కోచ్ లోఫ్టిస్ వచ్చాడు. ముప్పై దాటని మనిషి, వారం నుంచి నిద్ర లేనట్టుంది మొహం.

"గీతలు ఆరాయా సార్?"

"ఆరాయి కోచ్. వాటిని దాటే పనే మీ వాళ్లది."

"పందొమ్మిదేళ్లయిందట మనం ప్లేఆఫ్‌కి వెళ్లి. పొద్దున్నించీ ఎదురైన ప్రతివాడూ అదే చెబుతున్నాడు."

"నేను చెప్పలేదుగా."

లోఫ్టిస్ ఆ వారంలో మొదటిసారి నవ్వాడు.

మనవరాలు మరిసెలా చేతిలో బంతి ఆడిస్తూ వచ్చింది. అమ్మాయిల జట్టులో బంతిని నడిపించేది ఆమే. "తాతా, సాయంత్రం జిమ్‌లో ఎవరైనా జారిపడితే పూచీ నీదే."

"నీ కాళ్లు నువ్వు చూసుకో. నా నేల సంగతి నేను చూసుకుంటా."

ఒంటిగంటకు ఊరంతా మైదానం చుట్టూ ఉంది. లారీలు కంచెకు ఎదురుగా నిలిపి, వెనుక తొట్లలో కుర్చీలు వేసుకున్నారు. పక్క ఊరు కాల్డర్ జనం కూడా తక్కువేం రాలేదు. గెలిచినవాళ్లు ప్లేఆఫ్‌కి, ఓడినవాళ్లు ఇంటికి.

గొలుసు రెండు చివర్లకూ ఇద్దరు మనుషులు. వెనుక కర్ర పత్తిమిల్లు వెండెల్‌ది, ముందు కర్ర యుసేబియోది. ముప్పై ఏళ్లుగా అంతే. నాలుగు ప్రయత్నాల్లో బంతిని ఆ గొలుసు పొడవు ముందుకు తీసుకెళ్లాలి. తీసుకెళ్తే మళ్లీ నాలుగు దక్కుతాయి, లేదంటే బంతి అవతలివాళ్లది. సందేహం వస్తే గొలుసు పరుస్తారు. దాన్ని బిగలాగడం ముందు కర్ర మనిషి పని; వదులైతే దాటాల్సిన దూరం తగ్గిపోతుంది.

ఇరవై రెండేళ్ల కిందట ఒక ఆటలో అతను బిగలాగలేదు. బెత్తెడు వదిలాడు. ఎవరూ చూడలేదు. డ్రైఫోర్క్ గెలిచింది. ఆట అయ్యాక అవతలి ఊరి ముసలి కోచ్ వచ్చి చెయ్యి కలిపి, "మీ ఊరి గొలుసు ఎప్పుడూ సరిగ్గా ఉంటుంది" అన్నాడు. ఆ మాట అతన్ని చెంపదెబ్బలా తాకింది. ఒఫీలియాకు తప్ప ఎవరికీ చెప్పలేదు. పొద్దుటి కొలతలు మొదలైంది ఆ తర్వాతే.

ఆట మొదలైంది మొదలు ఎవరూ కుదురుగా కూర్చోలేదు. కాల్డర్ ముందుకెళ్తే డ్రైఫోర్క్ అందుకుంది, మళ్లీ వాళ్లు, మళ్లీ వీళ్లు. కోడీ బ్రాంట్ అనే ఎర్రజుట్టు కుర్రాడు ముగ్గురిని ఈడ్చుకుంటూ గీత దాటినప్పుడు కంచె ఊగింది. యుసేబియో గొలుసు పట్టుకుని పక్కగీత వెంట అటూ ఇటూ పరుగెడుతూనే ఉన్నాడు. గొలుసు మనిషి చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు. అతని గుండె మాత్రం డప్పు వాయిస్తోంది.

యాభై సెకన్లు మిగిలాయి. నలభై నాలుగు, నలభై. డ్రైఫోర్క్ ముందుంది, బంతి కూడా వాళ్ల చేతిలోనే. నాలుగో ప్రయత్నం. ఇది దాటితే గడియారం నడిపించేసి ఇంటికి పోవచ్చు. కోడీ దూకాడు. గుట్టగా పడ్డ మనుషుల్ని ఒక్కొక్కరిగా పైకి లాగి, రిఫరీ బంతి మీద చెయ్యి ఉంచి, గొలుసు కోసం సైగ చేశాడు.

ఇద్దరూ గొలుసుతో మైదానం మధ్యకు నడిచారు. వెండెల్ పెదాలు కదపకుండా గొణిగాడు. "ఏమయ్యా సెబియో, మరీ తెగేలా లాగకు."

యుసేబియో వినపడనట్టే నడిచాడు. ముందు కర్ర పట్టుకుని బంతి పక్కన నిలబడ్డాడు. కోడీ మోకాళ్ల మీదే ఉండి అతని చేతుల వంక చూస్తున్నాడు. వాడి మొహం నిండా మట్టి, పెదవి మీద నెత్తురు. ఒకటో తరగతిలో వాడి బూటు తాళ్లు కట్టింది ఈ చేతులే.

అతను లాగాడు. మణికట్టు నరాలు తేలేదాకా లాగి కర్ర నిలబెట్టాడు.

బంతి ముక్కు రెండు వేళ్లు తక్కువైంది.

జనంలోంచి మూలుగు లేచింది. "ఎవరి మనిషివయ్యా నువ్వు?" అని కంచె దగ్గర్నుంచి ఎవరో అన్నారు. వెండెల్ టోపీ కళ్ల మీదికి లాక్కుని, "వాళ్లు గెలిస్తే మనిద్దరం కాల్డర్‌కే కాపురం పోవాలి" అన్నాడు.

"వాళ్ల బడి నేల చూశావా? అద్దంలా ఉంటుంది" అన్నాడు యుసేబియో.

బంతి కాల్డర్‌కు వెళ్లింది. రెండు విసుర్లలో సగం మైదానం దాటేశారు. ఇంకా ఆరు సెకన్లున్నాయి. వాళ్ల పొడుగు కుర్రాడు చివరి గీత అవతల చేతులెత్తి నిలబడ్డాడు. బంతి గాలిలో తిరుగుతూ వచ్చింది. యుసేబియోకు పది అడుగుల దూరంలోనే కోడీ బ్రాంట్ ఎక్కణ్నుంచో ఎగిరి, వేలి కొసలతో దాన్ని కిందికి కొట్టాడు. బంతి గడ్డిలో పడి రెండుసార్లు దొర్లి ఆగింది.

ఆ తర్వాత ఏమీ వినపడలేదు, అంతా అరుపే. జనం కంచె దూకి వచ్చేశారు. లోఫ్టిస్ చేతుల్లో మొహం దాచుకుని ఏడుస్తున్నాడు. కోడీ ఆ గుంపును చీల్చుకుని వచ్చి, గొలుసుతో సహా యుసేబియోను పైకెత్తేశాడు.

"దించరా నన్ను. నీ చొక్కా మట్టంతా నాకే."

"మిస్టర్ టరాంగో, ఒక్క పిసరు వదల్లేదు మీరు."

"వదిలితే నువ్వు అంత ఎత్తు ఎగిరేవాడివా?"

దించాక కూడా వాడు నవ్వుతూనే ఉన్నాడు. కాల్డర్ కోచ్ దూరం నుంచే టోపీ తీసి యుసేబియో వైపు తల ఊపాడు. అతనూ ఊపాడు. ఈసారి ఆ మర్యాద అతనికి హాయిగా ఒంటికి పట్టింది. ఒఫీలియా బురితో తెచ్చి చేతిలో పెట్టింది. అతని మణికట్టు పట్టుకుని కాసేపు అలాగే నిలబడింది.

ఐదు కావస్తుండగా అతను జిమ్ తెరిచాడు. బయట ఇంకా కార్ల హారన్లు మోగుతున్నాయి. లోపల పాలిష్ చేసిన చెక్కనేల మీద కిటికీ వెలుగు ఏటవాలుగా పడి ఉంది. అతను ఈ చివరినుంచి ఆ చివరికి, మళ్లీ వెనక్కి, ఒక్కో పట్టీ తుడుచుకుంటూ వచ్చాడు. చివరి పట్టీ సగంలో ఉండగా కాళ్లు బరువెక్కాయి. రోజంతా పరుగులే మరి. మాపు కర్ర మెల్లగా గోడకు ఆనించి, మొదటి వరస బల్ల మీద కూర్చున్నాడు. తలుపు అవతల ఊరు ఊరంతా నవ్వుకుంటూ ఇటే వస్తున్న చప్పుడు వినపడుతోంది. అతను గోడకు తల వాల్చి ఆ చప్పుడు విన్నాడు.

అందరికంటే ముందు మరిసెలా వచ్చింది. "తాతా, గేటు దగ్గర జనం చూడు, మన వాళ్లే రెండొందలు" అంటూ బంతి ఆడించుకుంటూ సగం నేల దాటింది. గోడకు వాలిన తల కదల్లేదు, ఛాతీ కదల్లేదు. మరో రెండడుగులు వేసి ఆమె బంతి పట్టుకుంది. ఇంకెప్పుడూ వదలనన్నట్టు గుండెకు హత్తుకుని నిలబడిపోయింది.

వెండెల్ టోపీ చేత్తో పట్టుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. వరసలో ముందున్నవాళ్లకు నెమ్మదిగా చెప్పాడు, వాళ్లు వెనుకవాళ్లకు చెప్పారు. హారన్లు ఒక్కొక్కటే ఆగాయి. ఒఫీలియా ఏప్రన్‌తోనే వచ్చి భర్త పక్కన కూర్చుని, అతని కళ్లజోడు సరిచేసింది. "ఇవాళ ఆడొద్దులే, మంగళవారం ఆడుకోండి" అంది అమ్మాయిలతో. "నేను వస్తాను."

అతన్ని తీసుకెళ్లాక జిమ్ తలుపు ఎవరూ వేయలేదు. తుడవని ఆ సగం పట్టీ పక్కన వెడల్పాటి మాపు గోడకు ఆని ఉంది. దాని కుచ్చుల్లో అతని బూట్లకు అంటుకొచ్చిన మైదానం గడ్డిపరక ఒకటి, దాని కొసన ఇంకా తెల్లగా, గీత సున్నం.